లండన్ పద్దు, నజ్ద్ ఎడారి
(గగనయుద్ధాల కథ – 9వ భాగం)

పోయిన భాగంలో 1918 నవంబరు దగ్గర ఆగాం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ దగ్గర దాదాపు 22 వేల విమానాలు, సుమారు 2 లక్షల 90 వేల మంది సిబ్బంది ఉన్న వైమానిక దళం ఉంది. సైన్యానికీ నౌకాదళానికీ లోబడకుండా సొంత మంత్రిత్వ శాఖ కింద నడిచే దళం అది. పేరు రాయల్ ఎయిర్‌ఫోర్స్. పుట్టింది 1918 ఏప్రిల్ 1న. తుపాకులు ఆగేనాటికి దానికి నిండా ఎనిమిది నెలలు కూడా లేవు.

యుద్ధం నడుస్తున్నంత కాలం దాని అవసరాన్ని గట్టిగా ప్రశ్నించినవాళ్లు తక్కువ. 1917 జూన్ 13న పట్టపగలు జర్మన్ గోథా విమానాలు లండన్ మీద బాంబులు వేసి 162 మందిని చంపాయి. పాప్లర్ పేటలో బడి మీద పడ్డ ఒక్క బాంబుకే 18 మంది పిల్లలు పోయారు. జనం కోపం చూసి ప్రభుత్వం జనరల్ స్మట్స్‌ను నివేదిక ఇమ్మంది. గగనతలానికి విడిగా ఒక దళం ఉండాలని ఆయన తేల్చాడు. అలా పుట్టిన దళానికి శాంతికాలంలో అన్నం పెట్టేదెవరన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టలేదు. శాంతి వచ్చింది, ఖజానా ఖాళీగా ఉంది, ప్రశ్న ముందుకొచ్చింది.

ఆ దళంలో మన సొమ్ము కూడా ఉందని ఇక్కడే చెప్పుకోవాలి. హైదరాబాదు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. డీహెచ్-9ఏ అనే కొత్తరకం బాంబరు విమానాలతో ఫ్రాన్సులో యుద్ధంలోకి దిగిన మొదటి స్క్వాడ్రన్ అదే. ఒక్కో విమానం ఒంటి మీద అది నిజాం కానుక అని రాశారు. స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న పేరే స్థిరపడింది. 1918 సెప్టెంబరులో వెళ్లి రెండు నెలల్లో భారీగా నష్టపోయింది. జర్మన్ల చేతికి చిక్కిన దాని విమానాల్లో ఒకటి బెర్లిన్ చేరి, పోలండ్ చేరి, చివరికి లండన్ హెండన్‌లోని మ్యూజియానికి వచ్చింది. ఇప్పటికీ అక్కడ చూడొచ్చు. నిజాం సొమ్మంటే అడుగుకు వెళ్తే నైజాం రైతు కట్టిన శిస్తే. తెలంగాణ పల్లెల్లో పండిన జొన్న, వరి ఆ రెక్కల్లో ఎంతో కొంత ఉంది.

ఆ స్క్వాడ్రన్ పనిచేసిన దళాన్ని ‘ఇండిపెండెంట్ ఫోర్స్’ అనేవారు. దాని అధిపతి హ్యూ ట్రెంచర్డ్. ఈ భాగానికి నాయకుడు ఆయనే. డీహెచ్-9ఏ రకం విమానం కూడా మన కథను విడిచిపెట్టదు. ఫ్రాన్సు ఆకాశం నుంచి నేరుగా అరేబియా ఎడారి అంచుకు వస్తుంది.

ట్రెంచర్డ్ మాటకారి కాదు. గొంతు మాత్రం ఫిరంగిలా ఉండేదని ‘బూమ్’ అని పిలిచేవారు. బోయర్ యుద్ధంలో ఊపిరితిత్తిలోంచి గుండు దూసుకుపోయినా బతికాడు. దాదాపు నలభయ్యో ఏట, 1912లో, విమానం నడపడం నేర్చుకున్నాడు. 1919లో విన్‌స్టన్ చర్చిల్ సైన్యానికీ వాయుసేనకూ కలిపి ఒకే మంత్రి అయినప్పుడు, ట్రెంచర్డ్‌ను మళ్లీ పిలిచి వాయుసేన పగ్గాలు అప్పగించాడు. అప్పగించేసరికి అందులో మిగిలింది చాలా తక్కువ. యుద్ధకాలంలో 188 స్క్వాడ్రన్లు ఉండేవి, వాటిలో పాతిక ముప్ఫై నిలిస్తే గొప్ప. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదనుకుని లెక్కలు వేయమని 1919 ఆగస్టులో మంత్రివర్గం అన్ని దళాలకూ చెప్పింది. యుద్ధమే రాదంటే విమానాలెందుకు?

సైన్యం, నౌకాదళం ఉమ్మడి ఇంట్లో ఇద్దరు పెద్దన్నల్లా కూర్చున్నాయి. చిన్నవాడికి విడిగా వాటా ఎందుకు, వాడి పొలం మా ఇద్దరి పొలాల్లో కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అన్నది వాళ్ల వాదన. సైన్యాధిపతి హెన్రీ విల్సన్‌కు వాయుసేన అంటే గిట్టదు. నౌకాదళాధిపతి డేవిడ్ బీటీకి ఓడల మీది విమానాలు తన చేతిలోనే ఉండాలి. 1919 డిసెంబరులో ట్రెంచర్డ్ ఆ ఇద్దరితో సమావేశమై ఒక్క ఏడాది తనను వదిలేయమని అడిగాడు. ఈ ఏడాదిలో దళాన్ని కట్టుకోనివ్వండి, తర్వాత కావాలంటే కొట్టండి అన్నట్టు. బీటీ ఒప్పుకున్నాడు. ఆ దయకు ఆయన తర్వాత చాలా ఏళ్లు చింతించి ఉంటాడు.

ఆ ఏడాదిని ట్రెంచర్డ్ వృథా చేయలేదు. స్క్వాడ్రన్ల సంఖ్య గురించి కొట్లాడకుండా పునాదుల మీద పడ్డాడు. క్రాన్‌వెల్‌లో కేడెట్ల కళాశాల 1920 ఫిబ్రవరిలో తెరిచారు. హాల్టన్‌లో బాలురను మెకానిక్కులుగా తీర్చే శిక్షణాలయం పెట్టారు. అద్దె ఇల్లు ఖాళీ చేయించడం తేలిక, సొంతంగా బడీ గుడీ కట్టుకున్నవాణ్ని కదిలించడం కష్టమని ఆయనకు తెలుసు. ఇంతా చేసినా పార్లమెంటులో నిలబడాలంటే ఒక సమాధానం కావాలి. యుద్ధం లేనప్పుడు ఈ దళం దేశానికి ఏం మిగులుస్తుంది? ఎన్ని పౌండ్లు?

సమాధానం వలస రాజ్యాల్లో దొరికింది. మొదట సోమాలీలాండ్. ఇరవై ఏళ్లుగా బ్రిటిష్ వాళ్లకు లొంగని మహమ్మద్ అబ్దుల్లా హసన్ మీద 1920 జనవరిలో పన్నెండు డీహెచ్-9 విమానాలు పంపారు. మూడు వారాల్లో పని ముగిసింది, ఖర్చు 77 వేల పౌండ్లన్నారు. నేల మీద ఒంటెల దళం నడిచి వెళ్లి కోటలు పట్టుకున్న సంగతి లండన్ చేరేసరికి సన్నగిల్లింది. విమానాలే గెలిచాయన్న మాట మిగిలింది.

అదే ఏడాది వేసవిలో ఇరాక్ భగ్గుమంది. బ్రిటిష్ పాలన మీద తెగలూ పట్టణాలూ లేచాయి. అణచడానికి భారతదేశం నుంచి పటాలాలు తెప్పించారు. అక్కడ పోరాడినవాళ్లలో ఎక్కువమంది భారతీయ సిపాయిలే. తిరుగుబాటు అణిచేసరికి సుమారు 4 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. వేలమంది ఇరాకీలు చనిపోయారు. లండన్ పత్రికలు ఆ డబ్బు సంగతి పట్టుకున్నాయి. పన్ను కట్టేవాడి కేకలు మంత్రివర్గానికి వినిపించాయి.

1921 మార్చిలో కైరోలో ఒక సమావేశం జరిగింది. చర్చిల్ అప్పటికి వలసల శాఖకు మారాడు. గెర్‌ట్రూడ్ బెల్, ఇరాక్‌లోని బ్రిటిష్ హైకమిషనర్ పర్సీ కాక్స్, టి.ఇ. లారెన్స్, ట్రెంచర్డ్ అందరూ వచ్చారు. ఫైసల్‌ను ఇరాక్ రాజును చేయాలన్నది అందరికీ తెలిసిన నిర్ణయం. వాయుసేనకు ప్రాణం పోసిన నిర్ణయం మరొకటి. ఇరాక్ రక్షణ బాధ్యతను సైన్యం దగ్గర్నుంచి తీసి వాయుసేనకు అప్పగించాలని అక్కడ తీర్మానించారు. పటాలాల బదులు ఎనిమిది స్క్వాడ్రన్లు, కొన్ని సాయుధ కార్ల దళాలు, స్థానికంగా పోగుచేసిన సిపాయిలు. ఏటా 2 కోట్ల పౌండ్లకు పైగా మింగుతున్న దేశాన్ని అందులో చిన్న భాగంతో నడిపిస్తామని ట్రెంచర్డ్ హామీ. 1922 అక్టోబరు 1న ఎయిర్ వైస్ మార్షల్ జాన్ సాల్మండ్ బాగ్దాద్‌లో బాధ్యతలు తీసుకున్నాడు. ఒక దేశంలోని సేనలన్నిటికీ వాయుసేన అధికారి అధిపతి కావడం అదే మొదలు.

ఈలోగా లండన్‌లో గొడవ ముదిరింది. ఖర్చులు కోసేందుకు ఎరిక్ గెడ్డెస్ అధ్యక్షతన వేసిన కమిటీ అన్ని శాఖల మీదా గొడ్డలి ఎత్తింది. వాయుసేనను విడగొట్టి పంచాలని మాత్రం అది చెప్పలేదు. ప్రత్యేక దళంగా ఉంటేనే పొదుపన్న మాట పొదుపు కమిటీ నోటి నుంచే వచ్చింది. 1922 మార్చిలో ఆస్టెన్ ఛాంబర్లెయిన్ పార్లమెంటులో దళం స్వతంత్రంగానే ఉంటుందని ప్రకటించాడు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రధాని బోనర్ లా, శామ్యూల్ హోర్‌కు వాయుసేన మంత్రి పదవి ఇస్తూనే ఆ పదవి ఎంతోకాలం ఉండకపోవచ్చని చెప్పాడు. 1923లో ఈ తగవు తేల్చడానికి సాల్స్‌బరీ కమిటీ కూర్చుంది. ఓడల మీది విమానాలు ఇవ్వకపోతే రాజీనామా చేస్తానని బీటీ బెదిరించాడు. అయినా కమిటీ తీర్పు ట్రెంచర్డ్ వైపే వచ్చింది. స్వదేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు కావాలని కూడా అదే ఏడాది తీర్మానించారు.

గెడ్డెస్ కమిటీ ముందు, సాల్స్‌బరీ కమిటీ ముందు వాయుసేన అధికారులు పదేపదే చూపించిన ఉదాహరణ ఇరాకే. 1923 ఫిబ్రవరిలో కిర్కుక్‌కు ముప్పు వచ్చినప్పుడు సిక్కు సిపాయిలను విమానాల్లో ఎక్కించి దించారు. నడిచి వెళ్తే రోజులు పట్టే దారి అది. ఇలాంటివన్నీ లండన్ ఫైళ్లలో చక్కగా అమిరాయి.

లండన్ వాదం ఆ ఫైళ్లలో ముగిసింది. దాని మూల్యం కట్టిన నేల ఇరాక్‌కు దక్షిణాన ఉంది.

దక్షిణాన ఇరాక్ ఎక్కడ ముగుస్తుందో, ఇబ్న్ సౌద్ ఏలే నజ్ద్ ఎక్కడ మొదలవుతుందో ఎడారి సంచారులైన బదూలకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. వానలు పడ్డచోట పచ్చిక, పచ్చిక ఉన్నచోట ఒంటెలు. ఇప్పుడు మన కడప, కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు లారీలు తోలే, గొర్రెలు కాచే హఫర్ అల్ బాతిన్ పరిసరాలే ఆ కాలపు ముతైర్ తెగ తిరిగిన నేలలు. 1922 డిసెంబరులో పర్సీ కాక్స్ అల్ అహ్సా తీరంలోని ఉఖైర్ రేవులో ఇబ్న్ సౌద్‌ను కూర్చోబెట్టి మ్యాపు మీద గీత గీశాడు. అక్కడే ఉన్న బ్రిటిష్ అధికారి హెరాల్డ్ డిక్సన్ ఆ దృశ్యాన్ని తన జ్ఞాపకాల్లో రాశాడు. కాక్స్ ఒక బడిపిల్లవాణ్ని మందలించినట్టు ఇబ్న్ సౌద్‌ను మందలించాడనీ, ఎర్ర పెన్సిలుతో సరిహద్దు గీశాడనీ. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. సరిహద్దు దగ్గరి బావుల వద్ద ఇరువైపులా ఎవరూ కోటలు కట్టరాదు, సైన్యాన్ని పోగుచేయరాదు. ఆ షరతును గుర్తుపెట్టుకోండి.

ఇబ్న్ సౌద్ బలం అప్పటికి ఇఖ్వాన్. సంచార జీవితం వదిలి ‘హిజ్రా’ అనే పల్లెల్లో స్థిరపడిన బదూ యోధులు. మొదటి పల్లె అర్తావియ్యా, ముతైర్ తెగది. వాళ్ల నాయకుడు ఫైసల్ అల్ దువైష్. మతాచారంలో అంగుళం సడలనివాళ్లు. టెలిఫోన్, మోటారు కారు, విమానం వాళ్ల కళ్లకు అవిశ్వాసుల పనిముట్లు. యుద్ధంలో మగవాళ్లను పసివాళ్లతో సహా వదలరన్న భయం సరిహద్దు గొర్రెలకాపరులను వణికించేది. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. దక్షిణ ఇరాక్‌లో కాపరుల మందలను దోచి, మగవాళ్లను చంపి వెళ్లిన దాడులు ఒకటి రెండు కావు. వాళ్లను అమాయకులుగా చూపే కథ నేను చెప్పను. అయినా ఆకాశం నుంచి చూసేవాడికి దాడికి వచ్చిన యోధుడికీ, గుడారంలో పాలు పితికే ఆడమనిషికీ తేడా తెలియదన్నది కూడా ఈ కథలో భాగమే.

1924 ఆగస్టు 14 తెల్లవారుజామున వేలమంది ఇఖ్వాన్ యోధులు ఒంటెల మీద ట్రాన్స్‌జోర్డాన్‌లోకి చొచ్చుకొచ్చి, అమ్మాన్‌కు కొద్ది మైళ్ల దూరంలోని పల్లెల మీద పడ్డారు. వాయుసేన విమానాలూ సాయుధ కార్లూ వాళ్లను బయలు ఎడారిలో పట్టుకున్నాయి. కార్ల మీది మెషిన్ గన్ల ముందు, పైనుంచి పడే బాంబుల ముందు ఒంటె మీది మనిషి చేయగలిగింది లేదు. వందలమంది పడిపోయారు. మిగిలినవాళ్లు తిరిగి వెళ్లే దారిలో నీళ్లు లేక ఎంతమంది పోయారో లెక్క లేదు. లండన్‌కు మాత్రం లెక్క సరిపోయింది. పటాలాలు లేకుండా ఒక రాజధానిని కాపాడామని నిరూపణ.

అలాంటి లెక్కల్లో రానిది ఒకటి ఎయిర్ కమోడోర్ లయొనెల్ ఛార్ల్‌టన్ చూశాడు. ఇరాక్ వాయుసేన ప్రధాన కార్యాలయంలో పెద్ద పదవిలో ఉన్న అధికారి. 1923లో దీవానియా ఆసుపత్రికి వెళ్లినప్పుడు బాంబుల వల్ల గాయపడ్డ మామూలు జనాన్ని మంచాల మీద చూశాడు. తమ విమానాలే వాళ్లను అక్కడికి చేర్చాయి. ఆ తర్వాత ఈ పద్ధతిలో పనిచేయలేనని పై అధికారికి చెప్పి తప్పుకున్నాడు, ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయాడు. వాయుసేన తన స్వాతంత్ర్యం కోసం చేతికందిన ప్రతి సాక్ష్యాన్నీ వాడుకున్న ఆ ఏళ్లలో, తన చేతిలో ఉన్న సాక్ష్యానికి తలొగ్గి పదవి వదులుకున్న మనిషి ఆయన. ఈ భాగంలో నాకు అందరికన్నా గౌరవం కలిగించే పేరు అదే.

ఆ విమానం ఎలా ఉండేదో దగ్గరగా చూద్దాం. ఫ్రాన్సులో జర్మన్ పట్టణాల మీదికి వెళ్లిన డీహెచ్-9ఏ ఎడారికి వచ్చేసరికి రూపం మారింది. ఎండకు ఇంజను మరిగిపోకుండా ముక్కు కింద అదనపు రేడియేటరు తగిలించారు. దిగినచోట టైరు పోతే ఎలాగని ఒక అదనపు చక్రాన్ని ఒంటికి తాళ్లతో కట్టారు. నీళ్లు, తిండి, పరుపుచుట్టలు, పనిముట్లు దొరికిన సందులో కట్టుకున్నారు. ఇంత బరువు మోస్తూ రెక్కల కింద బాంబులు కూడా. బస్రా దగ్గర షుయైబాలో 84వ స్క్వాడ్రన్ ఏళ్లతరబడి ఈ విమానాలతోనే దక్షిణ ఎడారి మీద తిరిగింది. ఇంజను ఆగితే దిగేది ఎవరి నేలో తెలియదు, అందుకే పైలట్లు అరబ్బీలో రాసిన అభయపత్రాలు దగ్గర పెట్టుకునేవారు. పైలట్‌కు హాని చేయకుండా అప్పగిస్తే బహుమతి ఇస్తామని అందులో ఉండేది.

1927లో ఇరాక్ ప్రభుత్వం బుసయ్యా బావుల దగ్గర ఒక పోలీసు ఠాణా కట్టడం మొదలుపెట్టింది. అది సరిహద్దుకు చాలా దూరమని బ్రిటిష్ వాళ్లు అన్నారు. ఉఖైర్ షరతును మీరే తుంగలో తొక్కారని నజ్ద్ వాళ్లు అన్నారు. బదూ దృష్టిలో బావి దగ్గర కోట కట్టడమంటే గొంతు మీద చేయి వేయడమే. ఆ నవంబరు 5 రాత్రి ముతైర్ దండు ఒకటి వచ్చి ఠాణా మీద పడింది. పోలీసులను, గోడలు కడుతున్న కూలీలను చంపేసింది. కూలీలకు సరిహద్దు రాజకీయంతో పనేముంది? రోజు కూలికి ఇటుకలు మోయడానికి వచ్చినవాళ్లు.

ఆ తర్వాత నెలల్లో వాయుసేన నజ్ద్ లోపలికే వెళ్లింది. సరిహద్దు నుంచి వెనక్కి పొండి, లేకపోతే బాంబులు వేస్తామని తెగల మీద కరపత్రాలు జారవిడిచారు. అక్షరం రాని గుడారాల మీద కాగితాలు. 1928 మొదట్లో దాడి దండులను తరుముతూ సరిహద్దు దాటి బాంబులు వేశారు. ఇబ్న్ సౌద్ గట్టిగా నిరసించాడు. అంతకు ముందటేడే, 1927 మేలో, జెద్దా ఒప్పందంలో బ్రిటన్ ఆయన్ను స్వతంత్ర రాజుగా గుర్తించింది. గుర్తించిన రాజు నేల మీద బాంబులేమిటి? బ్రిటిష్ దూత గిల్బర్ట్ క్లేటన్ 1928లో రెండుసార్లు జెద్దా వచ్చి మాట్లాడాడు. ఠాణాలు తీసేయమని ఇబ్న్ సౌద్, తీసేది లేదని బ్రిటన్. మాటలు తెగలేదు.

వాయుసేన సరిహద్దును కాపాడిందా? దక్షిణ ఎడారిలో ఏళ్లపాటు బతికిన బ్రిటిష్ అధికారి జాన్ గ్లబ్ రాతలు చదివితే నాకు కలిగే అభిప్రాయం ఒకటే. విమానం చాలాసార్లు ఆలస్యంగా వచ్చింది. తెల్లవారకముందు దాడి జరిగేది. కబురు ఒంటె మీద వైర్‌లెస్ ఉన్నచోటికి చేరేసరికి పొద్దెక్కేది. విమానం వచ్చేసరికి కాపరుల శవాలు మిగిలేవి, దండు ఎడారిలో కలిసిపోయేది. 1928లో గ్లబ్ బదూలనే చేర్చుకుని, కార్లిచ్చి, బావుల దగ్గర కాపలా పెట్టాక కాపరులకు ధైర్యం వచ్చింది. అంటే నేల మీద నిలబడే మనిషి లేకుండా పని కాలేదు. ట్రెంచర్డ్ కమిటీల ముందు ఈ సంగతిని ఎన్నడూ బరువుగా చెప్పలేదు. చెబితే సైన్యానికి వాదం ఇచ్చినట్టవుతుంది.

ఇబ్న్ సౌద్‌కు మాత్రం రెండు వైపులా నిప్పే. బ్రిటిష్ విమానాలను ఆపలేని రాజు మాకెందుకని ఇఖ్వాన్ నాయకులు అడిగారు. 1928 చివర్లో రియాద్‌లో పెద్ద సభ పెట్టి, మీకిష్టం లేకపోతే నేను తప్పుకుంటానని అన్నాడాయన. సభ ఆయన్నే కోరుకుంది, దువైష్ రాలేదు. 1929 మార్చి చివర సబిల్లా మైదానంలో రాజూ ఆయన పాత యోధులూ తలపడ్డారు. మెషిన్ గన్ల ముందు ఇఖ్వాన్ ఓడారు. దువైష్ గాయపడి, కోలుకుని మళ్లీ లేచాడు. అతని కొడుకు ఆ వేసవి దండయాత్రలో ఎడారిలో ప్రాణాలు విడిచాడు. ఒకవైపు ఇబ్న్ సౌద్ మోటారు కార్ల దళాలు, మరోవైపు బ్రిటిష్ విమానాలు నొక్కుతుంటే 1930 జనవరిలో దువైష్ కువైట్ సరిహద్దులో బ్రిటిష్ వాళ్లకు లొంగిపోయాడు. తరతరాలుగా ఒంటె మీద ఎడారిని శాసించిన నాయకుణ్ని విమానంలో ఎక్కించి తీసుకెళ్లారు, ఆ నెలాఖరులో విమానంలోనే ఇబ్న్ సౌద్ శిబిరానికి చేర్చి అప్పగించారు. ప్రాణానికి హాని చేయనని రాజు మాట ఇచ్చాడు. దువైష్ మరుసటి ఏడాది రియాద్ చెరలో చనిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ట్రెంచర్డ్ పదవి దిగాడు. దిగేముందు 1929 చివర్లో ఒక సుదీర్ఘ పత్రం రాసి, సామ్రాజ్యంలో ఎక్కడెక్కడ సైనికులను తీసేసి విమానాలు పెట్టొచ్చో లెక్కలు కట్టాడు. అందులో మన వాయవ్య సరిహద్దు కూడా ఉంది. ఈసారి సైన్యం ఒప్పుకోలేదు, ప్రభుత్వమూ వినలేదు. అయినా దళం నిలిచింది. 1928లోనే అడెన్ రక్షణ కూడా వాయుసేన చేతికి వచ్చింది. ఓడల మీది విమానాలను మాత్రం 1937లో థామస్ ఇన్‌స్కిప్ తీర్పుతో నౌకాదళానికి తిరిగివ్వాల్సి వచ్చింది. మిగతా దళం చెక్కు చెదరలేదు. ఇరాక్‌లో స్క్వాడ్రన్ నడిపిన ఆర్థర్ హారిస్ రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ నగరాల మీద బాంబు దాడులకు అధిపతి అయ్యాడు. అడెన్‌లో పనిచేసిన పోర్టల్ వాయుసేనకే అధిపతి అయ్యాడు.

వాయుసేన స్వతంత్రంగా ఉండడం తప్పని నేననను. 1940 వేసవిలో బ్రిటన్ నిలిచిందంటే స్వదేశ రక్షణ కోసం పట్టుబట్టిన విడి దళం ఉండబట్టే. నా బాధ వేరు. ‘చౌక’ అన్న మాటను పార్లమెంటు నమ్మింది. ఆ చౌకను తేల్చిన తక్కెడలో పెట్రోలు, జీతాలు, బాంబుల ధర ఉన్నాయి. దీవానియా మంచాల మీది జనం లేరు, కాలిన గుడారాలు లేవు, చచ్చిన ఒంటెలు లేవు. ఒంటె పోతే బదూ కుటుంబానికి పాలు పోయాయి, దారి పోయింది, పరువు పోయింది. ఒక సంస్థ తన ఉనికిని కాపాడుకునే తొందరలో ఏం లెక్కపెట్టాలో తనే నిర్ణయించుకుంది, దాన్ని ప్రశ్నించాల్సిన సభ ఆ అంకెల్నే అడిగింది.

అదే ఏళ్లలో అవతలివైపు మరో వాయుసేన మొలకెత్తింది. ఇబ్న్ సౌద్ 1925 డిసెంబరులో జెద్దా గెలుచుకున్నప్పుడు హిజాజ్ రాజు అలీ వదిలిన కొన్ని పాత విమానాలు చేజిక్కాయి. ముట్టడి రోజుల్లో వాటిని నడిపినవాళ్లలో రష్యా విప్లవం తర్వాత చెదిరిపోయి వచ్చిన పైలట్లు ఉన్నారు. సొంత ప్రజల తిరుగుబాటు చూశాక రాజు బ్రిటన్ నుంచే కొన్నాడు. వెస్ట్‌ల్యాండ్ వాపిటి విమానాలు నాలుగు, నడపడానికి బ్రిటిష్ పైలట్లు, మెకానిక్కులు. స్థావరం ఖతీఫ్ ఎదురుగా తారూత్ దీవిలోని దారీన్. ఇవాళ దమ్మాం, జుబైల్ పనివాళ్లకు అది గంటలోపు దూరం. అవి సిద్ధమయ్యేసరికి ఇఖ్వాన్ కథ ముగింపుకు వచ్చింది. మూడేళ్లకు, 1933 ఏప్రిల్ 1న, కరాచీ డ్రిగ్ రోడ్‌లో భారత వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైంది కూడా ఇలాంటి నాలుగు వాపిటీలతోనే. నజ్ద్‌లో రాజు తన విమానాలకు పరాయి పైలట్లను తెచ్చుకున్నాడు. కరాచీలో మనవాళ్లు సొంతంగా నడపడం మొదలుపెట్టారు, విమానాల యజమాని మాత్రం పరాయివాడు.

సౌదీ అరేబియాలో వాయుసేన 1950లో రక్షణ మంత్రి మన్సూర్ రాజకుమారుడి కాలంలో సైన్యం నుంచి వేరైంది. పార్లమెంటు లేదు, కమిటీలు లేవు, బీటీలూ విల్సన్లూ లేరు, ఆజ్ఞతో అయిపోయింది. అప్పటికే కొందరు యువకులు ఇటలీలో శిక్షణ పొంది వచ్చారు, తర్వాత బ్రిటిష్ వాళ్లు, ఆపైన ధహ్రాన్‌లో అమెరికన్లు నేర్పారు, ఈజిప్టు అధికారులూ వచ్చారు. సైన్యం నుంచి వేరుపడ్డ దళం ఎవరి మాట వింటుందన్న ప్రశ్న 1962 అక్టోబరులో ముందుకొచ్చింది. పక్కనే యెమెన్‌లో రాజు కూలిపోయాడు, కొత్త ప్రభుత్వానికి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సైన్యం అండగా దిగింది, సౌదీ ఓడిన రాజు వైపు నిలిచింది. ఆయన మనుషులకు సరుకులు తీసుకెళ్లాల్సిన సౌదీ పైలట్లు కొందరు విమానాలతో సహా ఈజిప్టుకు ఎగిరిపోయారు. రియాద్ తన వాయుసేన మొత్తాన్ని నేల మీద కట్టేసింది. కట్టేసిన విమానాలను మళ్లీ ఎవరు ఎగరేశారన్నది వచ్చే భాగంలో.